ఊట యొద్దకు పోయిన ప్రవక్త

ధ్యాన భాగము: 2 రాజులు 2:19–22



ఏలీయా పరమునకు కొనిపోబడిన పిమ్మట ఎలీషా చేసిన మొదటి పనులలో ఒకటి నీళ్ళ పని. అందులో అగ్ని దిగిరాలేదు, రాజును గద్దించుట లేదు. యెరికో పెద్దలు వచ్చి, తమ ఊరు చూపునకు చక్కగానే యున్నను నీరు చెడ్డదనియు, అందుచేత కడుపుపంట నిలుచుట లేదనియు మొరపెట్టుకొనిరి. ప్రవక్త వారిచేత ఒక క్రొత్త పాత్రను, అందులో ఉప్పును తెప్పించెను. నీరు పుట్టు ఊట యొద్దకు తానే నడచిపోయి, ఆ ఉప్పును అందులో వేసి, దేవుడు ఈ నీటిని బాగుచేసెననియు, ఇకమీదట దీనివలన చావు రాదనియు ప్రకటించెను. సంగతి ఇంతే. నాలుగు వచనములు. వానకాలపు ఆరంభమున మన సంఘములన్నిటిలో వీటిని చదువుకొనుట మేలు.

ఏలయనగా మన ప్రాంతము యెరికో వంటిదే. ఒక ప్రక్క గోదావరి, మరియొక ప్రక్క కిన్నెరసాని, నడుమ టేకు అడవి, ఇప్ప చెట్లు, తునికాకు కల్లములు. ఖమ్మము వైపునుండి భద్రాచలము దాటి దుమ్ముగూడెము, చర్ల వరకు వచ్చిన పరదేశి ఎవడైనను, ఎంత చక్కని చోట నివసించుచున్నారని మనలను మెచ్చుకొనును. కాని తొలకరి పడి వాగు ఎర్రగా పారగానే మన గూడెములలో రెండు మాటలు వినబడును: జ్వరము, విరేచనములు. ఆ మాటల వెనుకనే, కొన్ని ఇండ్లలో, ఏడుపు.

మొదటిది: యెరికోవారు కీడునకు దాని పేరు పెట్టిరి.

ఆ ఊరివారు తమ నష్టమునకు వేరు కారణములు చెప్పుకొనగలిగియుందురు. ఫలానా స్త్రీ కడుపు మంచిది కాదని, ఎవరిదో దృష్టి తగిలెనని అనవచ్చును. అంతకంటె పెద్ద కారణము కూడ వారియొద్ద సిద్ధముగా నుండెను: యెరికోను మరల కట్టువానిమీద యెహోషువ పలికిన శాపము (యెహోషువ 6:26). అయినను వారు ప్రవక్త యెదుట శాపమును గూర్చి మాటలాడలేదు. నీళ్ళు బాగులేవనిరి.

మనమట్లు చెప్పుచున్నామా? చిన్న పెట్టెను గోతిలోనికి దింపునప్పుడు, ఇచ్చినవాడే తీసికొనెనని ఎవరో ఒకరు అనుట నేను అనేక మారులు వినియున్నాను. ఆ మాట యోబుది. అది సత్యమైనది, పరిశుద్ధమైనది. అయితే దానిని పలికినది ఎవరో గమనించుడి. బిడ్డలను పోగొట్టుకొన్న తండ్రి నేలమీద పడి తనంతట తానే పలికెను. ప్రక్కింటివాడు వచ్చి అతనికి చెప్పలేదు. అతని దుఃఖమునకు కారణములు బోధింపవచ్చిన ముగ్గురు స్నేహితులమీద దేవునికి కోపము వచ్చెను. తల్లి తన బిడ్డను దేవుని చేతికి అప్పగించి ఊరట పొందుట విశ్వాసము. ఊరు అదే మాట చెప్పి, ఇంటికి పోయి, బోరింగు చుట్టు నిలిచిన మురుగును మరునాడును అట్లే విడిచిపెట్టుట విశ్వాసము కాదు. అది దేవుని నామమును మన మురుగుగుంటకు మూతగా వేయుట.

ఇందుకు విరుద్ధమైన తప్పు ఇంకొకటి కలదు. అది చనిపోయిన బిడ్డ తల్లిని నిందించుట. పుట్టు గ్రుడ్డివానిని చూచి, ఎవని పాపమని శిష్యులు అడిగినప్పుడు ప్రభువు ఆ ప్రశ్ననే త్రోసివేసెను (యోహాను 9). సిలోయము గోపురము పడి పదునెనిమిది మంది చచ్చినప్పుడు, వారు ఇతరులకంటె దుష్టులు కారనెను (లూకా 13:4). వేరు నీరు లేక చెలమలో ముంచుకొన్న తల్లి ఏ పాపము చేసెను? ఆమె దప్పిగొన్న బిడ్డకు నీళ్ళిచ్చెను. లెక్క అడుగవలసివచ్చిన యెడల, ఆ చెలమను బాగుచేయగలిగియు చేయనివారినే అడుగవలెను.

రెండవది: ప్రవక్త ఊట యొద్దకు పోయెను.

బిందెలో ఉప్పు వేయలేదు. ఇంటింటికిపోయి ఓదార్చి ఊరకుండలేదు. నీరు ఎక్కడ చెడుచున్నదో అక్కడికి పోయెను. మనకును అదే త్రోవ.

వాంతిభేది, టైఫాయిడు, నీళ్ళ విరేచనములు, కొన్ని రకముల పచ్చకామెర్లు, ఇవి ఊరక ఊడిపడునవి కావు. ఒకని కడుపులోనుండి వెలుపలికి వచ్చినది మరియొకని నోటిలోనికి చేరుటవలన వచ్చును. ఆ ప్రయాణమును మీరే మీ ఊరిలో నడచి చూడుడి. చేని గట్టున కూర్చున్న చోటునుండి వాన కడిగి వాగులోనికి, వాగునుండి చెలమలోనికి, చెలమనుండి బిందెలోనికి, బిందెలో ముంచిన చేతినుండి గ్లాసులోనికి. నీరు చాలనిచోట ఈగ కాళ్ళమీదను, కడుగని చేతిమీదను అది అన్నము గిన్నె చేరును. దేవుడు అరణ్యములో ఇశ్రాయేలీయులకు ఈ విషయమున ఎంత స్పష్టముగా సెలవిచ్చెనో ద్వితీయోపదేశకాండము 23:12–14లో చదువుడి. పాళెము వెలుపల చోటు ఏర్పరచుకొనవలెను. త్రవ్వుటకు పనిముట్టు వెంట ఉంచుకొనవలెను. మలమును మంటితో కప్పవలెను. ఎందుకు? దేవుడు వారి పాళెములో నడచుచున్నాడు గనుక. దేవుడు మన గూడెములో నడచుచున్నాడని నమ్మువాడు ఆయన పాదముల క్రింద ఏమి ఉంచుచున్నాడో చూచుకొనవలెను.

ఒక పాదిరి సంగతి చెప్పెదను. 1854లో లండను పట్టణమందు బ్రాడ్ వీధి ప్రాంతమున వాంతిభేది ప్రబలి, కొద్ది దినములలోనే ఐదు వందలకు పైగా మరణించిరి. చెడుగాలి వలన రోగము వచ్చునని ఆ దినములలో వైద్యులనేకులు నమ్మిరి. జాన్ స్నో అను వైద్యుడు చనిపోయినవారి ఇండ్లు విచారించి, వారిలో మిక్కిలిమంది ఒకే పంపు నీళ్ళు త్రాగిరని కనుగొనెను. ఆయన మాటమీద సెప్టెంబరు 8న ఆ పంపు పిడిని ఊడదీసిరి. ఆ పేటలో సేవచేయుచుండిన హెన్రీ వైట్‌హెడ్ అను యౌవన పాదిరి మొదట ఈ మాట నమ్మలేదు. అది తప్పని చూపుటకే తన సంఘస్థుల ఇండ్లకు మరల మరల పోయి, ఎవరు ఏ నీరు త్రాగిరో అడుగుచు వచ్చెను. విచారించినకొలది వైద్యుని మాటయే నిజమని తేలెను. కడకు ఆ బావి ప్రక్క ఇంటిలోనే విరేచనములతో చనిపోయిన పసిబిడ్డ సంగతి ఆయనకు తెలిసెను. బిడ్డ గుడ్డలు ఉదికిన నీటిని తల్లి పోసిన గొయ్యికిని ఆ బావికిని మూడడుగుల దూరము కూడ లేదు. గొయ్యి నీరు బావిలోనికి దిగుచుండెను. తరువాత వైట్‌హెడ్, స్నోల మధ్య స్నేహము కుదిరెను. కాపరి ఇండ్లు దర్శించుట ప్రార్థన చేయుటకు మాత్రమే కాదు. మీరు ఏ నీళ్ళు త్రాగుచున్నారని అడుగుటయు కాపరి పనియే.

మన దేశపు సంగతి ఒకటి వినుడి. పెద్దవారు నారికురుపు పేరు వినియుందురు. కాలిలోనుండి దారమువంటి పురుగు బయటికి వచ్చు వ్యాధి అది. దానికి టీకా లేదు, దానిని చంపు మందును లేదు. పుండుగల కాలితో రోగి దిగుడుబావిలో దిగగా పురుగు పిల్లలు నీటిలో పడును. ఆ నీరు త్రాగినవానికి ఏడాదికి మరల కురుపు లేచును. మన ఆంధ్రప్రదేశ్ కూడ ఆ వ్యాధి గల రాష్ట్రములలో ఒకటిగా నుండెను. 1980ల మొదట ప్రభుత్వము దానిమీద పని ఆరంభించెను. నీటిని గుడ్డతో వడగట్టుట, దిగుడుబావుల మెట్లు మూయుట, చేతిపంపులు వేయుట, పుండుగలవానిని నీటిలో దిగనీయకుండుట, ఇవియే ముఖ్య సాధనములు. 1996 తరువాత మన దేశములో నారికురుపు రోగి లేడు. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశమును ఆ వ్యాధినుండి విముక్తమైనదిగా ప్రకటించెను. మందు లేని వ్యాధిని ఊట యొద్దనే ఆపిరి.

మూడవది: క్రిమి ఒక్కటే, చావు ఒక్కటి కాదు.

ఒకే రోగము ఇద్దరికి తగులును. తిండి గలవాడు, ఇంటికి కిటికీ గలవాడు, రోడ్డు ప్రక్కనున్నవాడు లేచును. తిండి లేనివాడు, పదిమంది ఒక్క గదిలో పడుకొనువాడు, వాగు అవతలనున్నవాడు లేవడు. క్షయ రోగ చరిత్ర దీనిని చక్కగా చూపుచున్నది. క్షయ క్రిమిని కనుగొన్నట్టు కోఖ్ పండితుడు 1882 మార్చి 24న ప్రకటించెను. దానిని చంపగల స్ట్రెప్టోమైసిన్ మందు చేతికి వచ్చినది 1940లలో. ఆ మందు రాకముందే ఇంగ్లండులో నూరేండ్ల క్రిందటి లెక్కతో చూడగా క్షయ మరణములు నాలుగింట మూడు వంతులకు పైగా తగ్గియుండెను. ఏ కారణము ఎంత పనిచేసెనని పండితులు నేటికిని వాదించుకొందురు. అయినను కడుపునిండ తిండి, ఇరుకు లేని ఇల్లు, రోగిని వేరుగా ఉంచుట, వీటి పాలు అందులో గలదు.

అందుచేత మందు అక్కరలేదని ఎవరును అనుకొనకూడదు. చిత్తూరు సీమలో మదనపల్లె చెంత ఆరోగ్యవరమందు, పలు మిషనులు కలిసి 1912లో పూనుకొన్న క్షయ చికిత్సాలయములో ఆదిలో విశ్రాంతి, గాలి, ఆహారము ఇచ్చిరి. అప్పటికి ఇయ్యదగిన మందు లేకుండెను. మందులు వచ్చిన తరువాత 1956 మొదలు మద్రాసులో పరీక్షించి చూడగా, బీదవాడు తన ఇంటనే యుండి మాత్రలు సరిగా మ్రింగినయెడల ఆసుపత్రిలో పడుకొన్నవానివలెనే బాగుపడునని తేలెను. నేడు ఆ మందులు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితము. తిండి కొరకు 2018లో నెలకు 500 రూపాయలుగా మొదలై, 2024 నవంబరు నుండి 1,000 రూపాయలుగా పెరిగిన సహాయము కూడ కలదు. తిండియు మందును రెండును కావలెనని దొరతనమే ఒప్పుకొన్నది. చలితోను ఆకలితోను ఉన్న సహోదరునికి ఏమియు ఇయ్యక, సమాధానముగా పొమ్మని చెప్పుట వ్యర్థమని యాకోబు ఎప్పుడో వ్రాసెను (యాకోబు 2:15–16).

మన సరిహద్దున దీనిని కన్నులార చూచుచున్నాము. గోదావరి 1986 ఆగస్టు 16న భద్రాచలము యొద్ద 75.6 అడుగులకు ఎక్కెను. 2022 జూలై 16న 71.3 అడుగులకు ఎక్కెను. 53 అడుగులకే మూడవ హెచ్చరిక. అట్టి దినములలో లోతట్టు ఊళ్ళ త్రోవలు మునుగును, బావులు మునుగును, మరుగుదొడ్ల గోతులును మునుగును. నీరు తీసినవెనుక బావిలో మిగులునది ఏమో చెప్పనక్కరలేదు. వరదలో కొట్టుకొనిపోయినవారిని మనము లెక్కించుదుము. వరద తీసిన పక్షము దినములకు విరేచనములతో పోయిన బిడ్డను వరద లెక్కలో ఎవరును వ్రాయరు.

ఇక గుత్తికోయల సంగతి. ఛత్తీస్‌గఢ్ దక్షిణ భాగమందు 2005 నుండి జరిగిన పోరాటములకు భయపడి అనేక కుటుంబములు మన అడవులలోనికి వచ్చి గూడెములు వేసికొన్నవి. వాటిలో చాలవాటికి రోడ్డు లేదు. వాగు ఇసుకలో త్రవ్విన చెలమయే కొందరికి బావి. జ్వరము వచ్చిన బిడ్డను భుజముమీద మోసికొని మైళ్ళు నడువవలెను. వారు మన బోరింగుల యొద్దకు వచ్చినప్పుడు కొన్నిచోట్ల బిందె ప్రక్కకు తోయబడుచున్నదని వినుచున్నాను.

ప్రియులారా, ఇక్కడ మన తాతలను తలంచుకొనుడి. ఊరి బావి గట్టు ఎక్కుటకు వీలులేక, దూరముగా నిలుచుండి, ఎవరైన దయతలచి కడవలో పోయుదురని కాచుకొన్న మాల మాదిగ పల్లెల పిల్లలము మనలో అనేకులము. సువార్త వచ్చి మనలను ఒకే బల్లయొద్ద, ఒకే పాత్రయొద్ద కూర్చుండబెట్టెను. 1912లో దోర్నకలు బిషప్పుగా అభిషేకింపబడిన అజరయ్య గారు నడచి తిరిగిన పల్లెలు ఇవే. ఆ పల్లెల మనుమలు ఈ దినమున వేరొకని బిందెను ప్రక్కకు తోయవచ్చునా? చిన్నవారిలో ఒకనికి గిన్నెడు చన్నీళ్ళిచ్చినవాడు తన ఫలము పోగొట్టుకొనడని ప్రభువు చెప్పెను (మత్తయి 10:42). మనము నీళ్ళియ్యనందున ఆ చిన్నవాడు చెలమనీళ్ళు త్రాగి చచ్చినయెడల, ఆ లెక్క ఎవరిది? అంతేకాదు, వాగుకు పై గూడెమువారు, క్రింది గూడెమువారు అని మనము వేరుచేసికొందుము గాని రోగక్రిమి వేరుచేయదు. పై గూడెములో మరుగు లేనియెడల క్రింది గూడెములో క్షేమము లేదు.

నాల్గవది: పాత్రయు ఉప్పును ఊరివారివే.

ఎలీషా వాటిని పైనుండి రప్పింపలేదు, ఊరివారే తెచ్చిరి. బాగుచేసినవాడు దేవుడు, తెచ్చినవి మనుష్యుల చేతులు. మన చేతులలో ఉన్నవి ఇవి:

బోరింగు చుట్టు గచ్చు పగిలినయెడల సంఘ పురుషులు ఒక్క దినములో బాగుచేయగలరు. మురుగు పోవుటకు ఇంకుడు గుంత త్రవ్వుడి. వరద తీసిన తరువాత బావిలో బ్లీచింగు పొడి వేయించువరకు ఆ నీరు త్రాగవద్దు. వానకాలము నీటిని మరిగించి చల్లార్చి మూతపెట్టుడి. చెయ్యి ముంచక, పిడిగల చెంబుతో తీయుడి.

2014 తరువాత అనేక ఇండ్లకు మరుగుదొడ్లు వచ్చినవి. వాటిలో కట్టెలును పిడకలును నిలువచేసి, మనుష్యులు వాగు గట్టునకు పోవుట తగదు. పసిబిడ్డ మలము హానిలేనిదని తలంపవద్దు. దానిని కూడ దొడ్డిలోనే వేయవలెను. అటుతరువాతను, అన్నము వండకముందును, తినిపింపకముందును సబ్బుతో చేతులు కడుగుడి.

విరేచనములు పట్టిన బిడ్డకు నీళ్ళు మాన్పించుట చంపుటతో సమానము. చావు విరేచనమువలన కాదు, ఒంటిలోని నీరును ఉప్పును పోవుటవలన. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరమున, బన్‌గావ్ అనుచోట, దిలీప్ మహలనబీస్ అను వైద్యుడు సెలైను సీసాలు చాలకపోగా ఉప్పు, చక్కెర కలిపిన నీటిని డ్రమ్ములలో పెట్టి, తల్లులచేతను బంధువులచేతను రోగులకు త్రాగించెను. అంతకుముందు నూటికి ముప్పదిమంది వరకు చనిపోవుచుండగా, అది నూటికి నలుగురికి లోపుగా దిగెను. ఆశా కార్యకర్తయొద్ద ఓ.ఆర్.ఎస్. పొట్లము, జింకు మాత్రలు అడుగుడి. పొట్లము దొరకనప్పుడు, మరిగించి చల్లార్చిన ఒక లీటరు నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచా అంచుకు సమముగా కొలిచి కలిపి, కొంచెము కొంచెముగా త్రాగింపుడి. తల్లిపాలు మానవద్దు. కన్నులు లోతుకు పోయినను, మూత్రము ఆగినను, రక్తము పడినను, బిడ్డ సోలిపోయినను, వెంటనే ఆసుపత్రికి పోవలెను. త్రోవలోను త్రాగించుచునే యుండవలెను. ఎలీషాకు ఈ మందు తెలిసియుండెనని నేను చెప్పను. అయితే ప్రతి వంటింటిలోను ఉండు ఉప్పును దేవుడు అప్పుడును వాడుకొనెను, ఇప్పుడును వాడుకొనుచున్నాడు.

రెండు వారములు దాటిన దగ్గునకు తెమడ పరీక్ష చేయించుడి. మాత్రలు మొదలుపెట్టినయెడల, నెమ్మదించెనని నడుమ మానక, వైద్యుడు చెప్పిన నెలలన్నియు మ్రింగుడి. క్షయరోగియున్న ఇంటిని వెలివేయక, సంఘము గ్రుడ్లును పప్పును మోసికొనిపోవలెను.

ఐదవది: ఒకసారి చేసిన పని నిలువదు, కాచుకొనవలెను.

ఈ గోదావరి అడవికి జ్వరపు సీమయని పాతపేరు. 1860 ప్రాంతమున దుమ్ముగూడెములో మిషను పని ఆరంభమైనప్పుడు ఆ జ్వరము ఏలవచ్చునో ఎవరికిని తెలియదు, చెడుగాలియని అనుకొనిరి. 1897 ఆగస్టు 20న మన సికిందరాబాదులోనే రొనాల్డ్ రాస్ అను వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని చూచెను. స్వరాజ్యము వచ్చిన దినములలో దేశమందు ఏటా 7 కోట్ల 50 లక్షల మందికి ఆ జ్వరము వచ్చుచుండెననియు, 8 లక్షల మంది చచ్చుచుండిరనియు అంచనా. 1953లో ప్రభుత్వము పని పూనుకొని ఇంటింట మందు చల్లించగా, 1965 నాటికి రోగులు సుమారు ఒక లక్షకు దిగిరి. జయము కలిగెనని చేతులు సడలెను. దోమలును మందునకు అలవాటుపడెను. 1976లో రోగులు 64 లక్షలకు పైబడిరి.

పదునొకండు సంవత్సరములలో ఇంత మార్పు. కాబట్టి దోమతెరను చేపలు పట్టుటకును కోడిపిల్లలమీద కప్పుటకును వాడక, బిడ్డలమీద కట్టుడి. జ్వరము వచ్చిన దినముననే రక్తపరీక్ష చేయించుడి. ఒక రకపు మలేరియాకు 14 దినములు మాత్రలుండును. జ్వరము తగ్గినను చివరివరకు మ్రింగవలెను. తండ్రి త్రవ్విన బావులు పూడిపోగా ఇస్సాకు వాటిని మరల త్రవ్వించెను (ఆదికాండము 26:18). అదియే ప్రతి తరము పని, ప్రతి వానకాలపు పని.

ప్రియులారా, మరణమంతయు తొలగునని నేను బోధించుట లేదు. కడపటి శత్రువు నశించు దినము ప్రభువు చేతిలో నున్నది. ఆ దినమువరకు మనము సమాధుల యొద్ద నిలిచి పునరుత్థాన నిరీక్షణను ప్రకటింతుము. అయితే మురుగు త్రవ్విన గోతిని దేవుడు త్రవ్వెనని చెప్పకుందుము గాక. వచ్చే ఆదివారము ఆరాధన ముగిసినవెనుక ప్రతి సంఘమును పలుగు పార పట్టుకొని తన ఊట యొద్దకు నడువవలెనని నా మనవి.

ప్రార్థన: జీవజలముల ఊటవైన దేవా, నీవు మా గూడెములలో నడచుచున్నావని మేము మరువకుండ చేయుము. బిడ్డలను పోగొట్టుకొన్న తల్లులను నీవే ఓదార్చుము. వారిని నిందించిన మా నోళ్ళను మూయుము. బద్ధకమునకు నీ చిత్తమని పేరు పెట్టకుండ మమ్మును కాపాడుము. మా పాత్రను, మా ఉప్పును, మా చేతులను తీసికొనుము. పరదేశి బిందెకును మా బోరింగు యొద్ద చోటు కలుగనిమ్ము. మా నీళ్ళను బాగుచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.